చోర్ మీనారు: శాసనము లేని సాక్షి

చార్ మీనారును ఎరుగని తెలుగువాడుండడు. చోర్ మీనారును ఎరిగిన తెలుగువారు ఢిల్లీలో సైతము తక్కువ. రెండు పేర్లకు నడుమ ఒక్క అచ్చు మాత్రమే భేదము. మొదటి కట్టడమును 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించెననియు, నాలుగు మీనారులు గలదగుటచే దానికా పేరు వచ్చెననియు పాఠశాల బాలుడైనను చెప్పగలడు. రెండవదానిని ఎవరు కట్టించిరో, ఎప్పుడు కట్టించిరో, ఏల కట్టించిరో తెలుపు శాసనము ఒక్కటియు లేదు. దానికి మిగిలినది ఒక పేరు. ఆ పేరునకు కారణముగా జనులు చెప్పుకొను ఒక కథ.

దక్షిణ ఢిల్లీలో కుతుబ్ మీనారునకు పోవు అరవిందో మార్గమునుండి హౌజ్‌ఖాస్ ఎన్‌క్లేవ్ వీధులలోనికి తిరిగి కొంత దూరము నడచినచో ఈ కట్టడము కానవచ్చును. ఒకప్పుడు ఇచ్చటనంతయు ఖరేరా అను గ్రామము, దాని పొలములు ఉండెడివి. స్వాతంత్ర్యానంతరము రాజధాని దక్షిణముగా పెరిగి, పొలముల స్థానమున ఇండ్లు వెలసినవి. కట్టడము మాత్రము కదలలేదు. నేడు దాని చుట్టును చిన్న ఆవరణము, ఆవరణము చుట్టును వీధి, వీధి కావల మేడలు. భారత పురావస్తు శాఖ దానిని రక్షిత కట్టడముగా కాపాడుచున్నది. ప్రక్కనుండి పోవు వారిలో తలయెత్తి చూచువారు అరుదు.

తలయెత్తి చూచినచో కన్నులు మొదట నిలుచునది రంధ్రముల మీద. కమాను గూళ్లతో గూడిన ఎత్తైన రాతి అరుగు. దానిపైన గుండ్రముగా లేచి, పైకి పోయినకొలది సన్నబడు బురుజు. చెక్కడపు రాయి లేదు. మలచని రాళ్లను సున్నముతో పేర్చి కట్టిన మోటు కట్టడమది. లోపల పైకెక్కుటకు మెట్లు కలవు. వెలుపలి గోడనిండ వరుసలు వరుసలుగా గుండ్రని రంధ్రములు. వాని సంఖ్య 225 అని చెప్పుదురు. ఒక్కొక్కటి మనుష్యుని తల పట్టునంతటిది. ఈ కడపటి మాట వినగనే చూచువాని మనస్సున కథ సిద్ధమగును. ఆ కథ పుట్టుటకు వేరు ఆధారమేమియు అక్కరలేకపోయినది.

కథ ఇట్టిది. అల్లాఉద్దీన్ ఖిల్జీ కాలమున పట్టుబడిన దొంగల తలలు నరికి, బల్లెముల కొనలకు గ్రుచ్చి, ఈ రంధ్రములనుండి బయటికి కనబడునట్లు నిలిపెడివారట. బాటసారులు చూచి భయపడవలెననుట ఉద్దేశమట. అందుచేతనే దీనికి దొంగల మీనారు, అనగా చోర్ మీనారు అను పేరు వచ్చినదట. చదువుకొన్నవారు చెప్పు కథ వేరు. అవి దొంగల తలలు కావు, ఢిల్లీపై దండెత్తి పట్టువడిన మంగోలులవి అని వారందురు. చచ్చినవారు వేలకు వేలు గదా, రంధ్రములు 225 మాత్రమే గదా యని ఎవరైన ప్రశ్నించినచో, నాయకుల తలలకు మాత్రమే రంధ్రములనియు, తక్కినవారి తలలు బయట కుప్పగా పోసిరనియు సమాధానము వచ్చును. కథకు ఆక్షేపణ తగిలినప్పుడెల్ల కథయే కొంచెము పెరిగి దానిని తప్పించుకొనును. లోకమున కథలన్నిటికిని ఈ గుణము కలదు.

ఈ కట్టడమునకు పొరుగున నున్నవానిని చూచినచో దీని మౌనము మరింత విశేషముగా తోచును. సమీపముననే నీలి మసీదు కలదు. దాని శాసనము, హిజరీ 911వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1505-06లో, సికందర్ లోడీ కాలమున, కసుంభిల్ అను నామె దానిని కట్టించెనని చెప్పుచున్నది. ఆమె రాణి కాదు, రాజవంశమునకు చెందినదియు కాదు. ఖవాస్‌ఖాన్ అను ప్రభువు కుమారుడగు ఫతేఖాన్‌ను పెంచిన దాది. అయిదు శతాబ్దములు గడచినను ఆ దాది పేరు గోడమీద నిలిచియున్నది. ఆ చేరువనే ఒక ఈద్‌గా కలదు. 1398లో తైమూరు చేతిలో ఓడి, అతడు మరలిపోయిన పిదప పాడుపడిన ఢిల్లీని చేతబట్టుకొన్న మల్లూ ఇక్బాల్‌ఖాన్ 1404-05లో దానిని కట్టించెను. ఆ సంగతియు శాసనమువలననే తెలియుచున్నది. దాది పేరు నిలిచినది, ఓడిన సేనాని పేరు నిలిచినది. నడుమనున్న బురుజును కట్టించిన వాని పేరు మాత్రము నిలువలేదు.

శాసనము లేనప్పుడు చరిత్రకారుడు కాలము నాటి గ్రంథములను ఆశ్రయించును. అల్లాఉద్దీన్ 1296లో గద్దె నెక్కి 1316లో మరణించెను. ఆ ఇరువది ఏండ్లలో మంగోలులు మాటిమాటికి దండెత్తివచ్చిరి. 1299లో కుత్లుగ్ ఖ్వాజా ఢిల్లీ సమీపమునకే వచ్చెను. 1303లో వచ్చిన తర్ఘీ సుమారు రెండు నెలలు నగరమును ముట్టడించెను. 1305లో అలీబేగ్, తర్తాక్ అను నాయకులు అమ్రోహా వద్ద ఓడిపోయిరి. 1306లో మరియొక దండు వచ్చి నశించెను.

ఈ వరుసలో 1303వ సంవత్సరము తెలుగువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. ఆ యేడు అల్లాఉద్దీన్ తాను చిత్తూరుగఢమును పట్టుటకు పోవుచు, మరియొక సేనను వంగదేశము మీదుగా ఓరుగల్లునకు పంపెను. ఆ సేన వానలలో చిక్కి, ఉప్పరపల్లి వద్ద కాకతీయ సైన్యముచే దెబ్బతిని, మిగిలినవారితో తిరిగిపోయెను. వెలుగోటివారి వంశావళి ఈ విజయమును ఎత్తి చెప్పుచున్నది. సుల్తాను చిత్తూరునుండి వచ్చి ఊపిరి తీసికొనకమునుపే తర్ఘీ యమునాతీరమున దిగెను. ఓరుగల్లునకు పోయిన సేన చితికియున్నందున సుల్తానునకు నిండుబలము లేకపోయెను. సీరీ అను మైదానమున కందకము త్రవ్వించుకొని దానిచాటున ప్రాణము దక్కించుకొనెను. ఆ భయమునుండియే సీరీ కోట పుట్టినది. చోర్ మీనారు ఆ కోటకు పడమట, నడచి పోగల దూరములో నున్నది. తెలంగాణమున జరిగిన ఒక యుద్ధము ఢిల్లీలో ఒక కోట పుట్టుటకు కొంత కారణమాయెననుట చరిత్రలోని విచిత్రములలో ఒకటి.

మంగోలుల తలలను గోపురముగా పేర్చిన సంగతి గ్రంథములలో లేకపోలేదు. 1357 ప్రాంతమున తన చరిత్రను ముగించిన జియాఉద్దీన్ బరనీ, బదాయూన్ ద్వారము ఎదుట అట్టి తలల బురుజు లేచినదని వ్రాసెను. చోర్ మీనారు కథను నమ్మువారు ఈ వాక్యమునే పట్టుకొందురు. కాని బదాయూన్ ద్వారము పృథ్వీరాజు పేర వ్యవహరింపబడు పాతకోట గోడలోనిది. నేటి చోర్ మీనారు ఉన్నచోటు అది కాదు. బరనీ చెప్పినది తలలతో పేర్చిన కుప్ప. ఇచ్చటనున్నది మెట్లతో, కమానులతో, ఆలోచించి కట్టిన రాతి బురుజు. రెండింటికిని అల్లాఉద్దీన్ పేరు తప్ప వేరు లంకె కానరాదు.

సీరీ అను పేరు సైతము ఇట్లే కథకు లోబడినది. పారశీకమున తలకు 'సర్' అని పేరు. కోట పునాదులలో మంగోలుల తలలు పాతిపెట్టుటచే సీరీ అను పేరు వచ్చినదని చెప్పుదురు. ఫెరిష్తా ఆ తలలు ఎనిమిది వేలనియు వ్రాసెను. కాని అల్లాఉద్దీన్ 1296లో కడా నుండి గద్దెకొరకు వచ్చినప్పుడే సీరీ మైదానమున దిగెనని బరనీ చెప్పుచున్నాడు. కోట లేనప్పుడు, తలలు పడకమునుపే, ఆ చోటికి ఆ పేరున్నదన్నమాట. పేరు ముందుండి, కథ వెనుక వచ్చినది. చోర్ మీనారు విషయమునను ఇట్లు జరిగియుండరాదా యను శంక సహజముగా కలుగును.

ఇట్టి శంకకు మన దేశముననే మరికొన్ని నిదర్శనములు కలవు. హర్యానాలోని నార్నౌల్‌లో చోర్ గుంబద్ అను కట్టడమొకటి యున్నది. జమాల్‌ఖాన్ అను ఆఫ్ఘను సరదారు దానిని సమాధిగా కట్టించుకొనెను. కాలక్రమమున అది పాడుపడి, దారిదోపిడిగాండ్రు అందు దాగుచుండుటచే దొంగల గుమ్మటమైనది. దొంగలకును కట్టించినవానికిని సంబంధమేమియు లేదు. ఫతేపూర్ సిక్రీలో రాతిదంతములు పొదిగిన హిరణ్ మీనారు కలదు. అక్బరునకు ప్రియమైన ఏనుగునకు అది స్మారకమని స్థలకథ. వేటకు వాడిన బురుజని మరికొందరు, దీపములు వ్రేలాడదీసిన దారిగురుతని ఇంకొందరు. అంతదూరము పోనేల? తెలుగునాట ఊరి బయట పెనుబండలను నిలిపి, వానిపై మూతబండ కప్పిన అతి ప్రాచీన సమాధులను జనులు రాక్షసగుళ్లని పిలుచుదురు. అవి గుళ్లు కావు, కట్టినవారు రాక్షసులును కారు. ఇనుమును వాడుట నేర్చిన ఆనాటి మనుష్యులు తమ మృతులకు కట్టుకొన్న గోరీలవి. అంతటి బండలను మనుష్యులు ఎత్తజాలరని తోచినచోట జనులు రాక్షసులను కల్పించుకొనిరి. తలపట్టు రంధ్రములు కనబడినచోట తలలను కల్పించుకొనుట అంతకంటె సులభము.

అయినను కథ అసంభవమని త్రోసివేయుటయు న్యాయము కాదు. తలల బురుజులు ఈ దేశమున లేచిన మాట నిజము. 1632లో ఆగ్రానుండి పాట్నాకు ప్రయాణము చేసిన పీటర్ మండీ అను ఆంగ్ల వర్తకుడు, దారి ప్రక్కన సున్నముతో కట్టిన బురుజులను, వానిలో ముఖములు వెలుపలికి కనబడునట్లు పొదిగిన తలలను స్వయముగా చూచి, బొమ్మ గీచి మరీ వ్రాసియుంచెను. తిరుగుబాటు చేసినవారివి, దొంగలని ముద్రపడినవారివి ఆ తలలు. కనుక ఢిల్లీ జనులు ఊరక భయపడి కల్పించిరనుట కూడదు. చోర్ మీనారు కథ ఈ బురుజు గూర్చిన నిజము కాకున్నను, ఆ కాలము గూర్చిన నిజమగుటకు అవకాశమున్నది.

రంధ్రముల ప్రయోజనమునకు వేరు సమాధానములును ఊహింపవచ్చును. గోడ లేచునప్పుడు పరంజా కొయ్యలు దూర్చుటకు రంధ్రములు విడుచుట తాపీపనివారి ఆచారము. కాని పరంజాకొరకే యైనచో ఇంత దగ్గరదగ్గరగా ఇన్ని అక్కరలేదు. లోపలి మెట్లకు గాలి, వెలుతురు కావలెనన్నను ఇన్ని వరుసలు అక్కరలేదు. ఏదియో చూపుటకో, వెలిగించుటకో, భయపెట్టుటకో కావలెనని చేసిన పని యిది. మలచని రాతి కట్టుబడిని, కమానుల తీరును చూచి ఖిల్జీల నాటిదని పండితులు సాధారణముగా తలచుదురు. దృఢముగా చెప్పదగినది అంతవరకే. తక్కినదంతయు పేరునుండి పుట్టిన ఊహ.

పేరు అనునది చిన్న విషయము కాదు. 'చోర్' అనుట ఒక తీర్పు. ఆ రంధ్రములలో ఎప్పుడైన తలలు నిలిచియున్నచో, అవి ఎవరివి? కథలు రెండింటినిమించి మూడవ సంగతి యొకటి గ్రంథములలో కలదు. అల్లాఉద్దీన్‌నకు ముందు జలాలుద్దీన్ కాలమున, 1292 ప్రాంతమున, కొందరు మంగోలులు ఇస్లామును స్వీకరించి, ఆలుబిడ్డలతో ఢిల్లీ పరిసరములనే స్థిరపడిరి. వీరిని కొత్త ముసల్మానులనిరి. వీరిలో కొందరు కొలువులు పోగొట్టుకొని, కూడు కరవై, సుల్తానుపై కుట్ర పన్నుచున్నారని వార్త పుట్టెను. రాజ్యమున ఎక్కడ కనబడిన అక్కడ వారిని ఒక్క దినముననే చంపుడని సుల్తాను ఆజ్ఞాపించెను. ఇరువదివేలో ముప్పదివేలో చచ్చిరనియు, వారిలో పెక్కండ్రకు కుట్ర సంగతియే తెలియదనియు బరనీ వ్రాసెను. వారి యిండ్లు దోచుకొనబడెను; ఆలుబిడ్డలు పరులపాలైరి. విచారణ లేదు, సాక్ష్యము లేదు, అపరాధియెవరో నిరపరాధియెవరో వేరుపరచుట లేదు.

ఆ దినమున పడిన తలలు ఈ బురుజునకెక్కినవని ఎవరును చెప్పలేరు. ఎక్కలేదనియు చెప్పలేరు. ఒకవేళ ఎక్కియున్నచో, వారిని ఏడు శతాబ్దములుగా దొంగలని పిలుచుచున్నారన్నమాట. చచ్చినవాడు తన పేరును తాను సవరించుకొనలేడు. దండుతో వచ్చిన సైనికుడైనను, కూలికి కుదిరి ఊరిలో కాపురమున్న కొత్త ముసల్మానైనను, నిజముగా కన్నము వేసిన దొంగయైనను, ఆ రంధ్రమున తల నిలిచిన మరుక్షణమున అందరికిని ఒక్కటే పేరు. దండించినవాడు తన పేరు రాతిమీద చెక్కించుకొనలేదు. దండింపబడినవారి మీద మాత్రము పేరు నిలిచిపోయినది.

తెలుగువారికిని ఈ చరిత్రలో పాలు కలదు. 1309 చివర ఢిల్లీనుండి బయలుదేరిన మాలిక్ కాఫూర్ సేన 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించి, ప్రతాపరుద్రునితో సంధిచేసికొని, ఆ వేసవిలో ఢిల్లీకి మరలెను. నూరు ఏనుగులు, ఏడు వేల గుఱ్ఱములు తెచ్చెనని బరనీ లెక్క. ఆ ధనమును, ఆ ఏనుగులను సుల్తాను కొలువుదీరి చూచినది బదాయూన్ ద్వారము చెంతనే. అనగా, తలల బురుజు లేచినదని బరనీ చెప్పిన ఆ ద్వారము ముందే ఓరుగల్లు ఏనుగులు వరుసతీరి నిలిచెను. పదమూడేండ్ల పిమ్మట, 1323లో, ఓరుగల్లు పడిపోయి ప్రతాపరుద్రుడే బందీయై ఢిల్లీకి బయలుదేరెను. ఆయన నర్మదాతీరముననే అసువులు బాసెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. ఆ రాగిరేకులు దొరకకున్నచో ఆ మహారాజు కడపటి గతి గూర్చియు మనకు కథలే మిగిలియుండెడివి. ఆ కొలువుననుండి ఢిల్లీ చేరి, ఇస్లామును స్వీకరించి, ఫిరోజ్ తుగ్లక్‌నకు ప్రధానమంత్రియైన ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తెలుగువాడనియు గ్రంథములవలననే తెలియుచున్నది. హౌజ్‌ఖాస్ చెరువు పూడిక తీయించి, దాని గట్టున విద్యాలయమును కట్టించినది ఆ ఫిరోజ్ కాలముననే. చోర్ మీనారు అప్పటికే నిలిచియుండినచో, ఆ తెలుగు మంత్రి కన్నులు దానిమీద పడకయుండవు. అతని సమాధి నిజాముద్దీన్‌లో నేటికిని కలదు.

వ్రాతయొక్క విలువ ఇట్టిచోట తెలియును. దాదికి ఒక పంక్తి దక్కినది. ఆమె నేటికిని కసుంభిల్‌గానే యున్నది. ప్రతాపరుద్రునకు రాగిరేకు దక్కినది. మక్బూల్‌నకు చరిత్రకారుని కలము దక్కినది. ఈ బురుజునకును, దానిమీద తలలు నిలిచియున్నచో ఆ తలలు మోసిన మనుష్యులకును ఏమియు దక్కలేదు.

సాయంకాలమున వీధిపిల్లలు ఆవరణము చెంత ఆడుకొనుచుందురు. వారిలో ఒకడు తలయెత్తి, ఇన్ని కన్నములేలయని అడిగినచో పెద్దలు సాధారణముగా దొంగల కథ చెప్పి పంపుదురు. పిల్లవాడు రెండు దినములు భయపడి మరచును. పేరు మాత్రము వానితో పెద్దదగును. తెలుగు తల్లిదండ్రులకు ఆ ప్రశ్న ఎదురైనచో కొంచెము నిలిచి, వేరుగా చెప్పవచ్చును. దీనిని కట్టించినవాడు తన పేరు చెప్పలేదనియు, ఇచ్చట మనుష్యుల తలలు నిలిపిరని జనులు చెప్పుదురనియు, నిలిపినచో వారందరు దొంగలేయని చెప్పుటకు ఎవరివద్దను సాక్ష్యము లేదనియు చెప్పవచ్చును. ఆ మూడు మాటలును నిజములు. ఏడు వందల ఏండ్లకు పిమ్మట ఆ మృతులకు చేయగల న్యాయము అంతమాత్రమే; అంతమాత్రము చేయుట మనవలన కాగల పనియే.